తొట్టి జాగా

తన గొర్రెలను వేసిన బందెలదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే బీరమ్మకు సగం పొద్దు పట్టింది. మున్సిపల్ ఆఫీసులో అడిగితే నీళ్ల ట్యాంకు దగ్గరికి పొమ్మన్నారు. ట్యాంకు దగ్గర అడిగితే అంగడి చౌరస్తాకు పొమ్మన్నారు. చౌరస్తాలో మున్సిపల్ ఇంజనీరు పరమేష్ గొడుగు కింద నిలబడి ఫోన్లు మాట్లాడుతున్నాడు. ఆమె చేతికర్ర రెండు చేతులా పట్టుకుని ఎండలో నిలబడింది. ఒక ఫోను అయింది, రెండోది అయింది. మూడోది చెవికి పెట్టుకుంటూ, ఆమె వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ, "గుర్వయ్య దగ్గర ఉంటది పో" అన్నాడు. ఆ ఒక్క ముక్క మొదటే చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది కాదు.

గుర్వయ్య మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరు నడిపే మనిషి. అతనే వచ్చి తాళం తీశాడు. గేటు ఇంకా తెరవకముందే, "చెల్లె, నా మీద కోపం పెట్టుకోకు" అన్నాడు. ఆ మాట వినగానే బీరమ్మ అతన్ని దాటి గేటు తోసింది.

నాలుగు గోడలు, పైన ఆకాశం, అంతే ఆ దొడ్డి. మే నెల ఎండ నేల మీద పడి మళ్లీ పైకి లేస్తోంది. మూలన ఉన్న సిమెంటు గోలెంలో పాచి ఎండి పెచ్చులు లేచింది. నిన్న పొద్దున పట్టుకొచ్చిన మూడు గొర్రెల్లో రెండు గోడకు తలలు ఆనించి నిలబడ్డాయి. మూడోది, ఎర్రది, పక్కకు ఒరిగి ఉంది. దాని వెనక, నెలలు నిండకుండా పుట్టిన పిల్ల, ఇంకా బొచ్చు కూడా సరిగా రానిది, మట్టిలో ఎండిపోయి ఉంది. ఈగలు ముసురుతున్నాయి.

బీరమ్మ ఏడవలేదు. ఎదురుగా ఉన్న హోటలు నల్లా దగ్గరికి పరుగెత్తి తన ఇనుప బకెట్టు నింపుకొచ్చింది. కింద దించి, కర్రతో దాని అంచు మీద మూడు దెబ్బలు కొట్టింది. ఆమె మందకు అది నీళ్ల పిలుపు. పుట్టిన పిల్ల గడ్డి కొరకడం నేర్వకముందే ఆ చప్పుడు నేర్చుకుంటుంది. రెండు గొర్రెలూ తూలుతూ వచ్చి మూతులు ముంచాయి. ఎర్రది ఒక చెవి కదిలించింది. బీరమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుని దోసిలితో నీళ్లు పోసింది. అవి పెదవి పక్కనుంచి కారిపోయాయి. కాసేపటికి ఆ చెవి కూడా కదల్లేదు.

"ఏం తప్పు జేసినయన్నా ఇవి?" అంది, తల ఎత్తకుండానే.

"తడి సిమెంటు తొక్కినయంట. సారు మస్తు గరమైండు."

తొక్కవా మరి! నెల కిందటి దాకా అంగడి చౌరస్తాలో రాతి తొట్టి ఉండేది. తిరుమలగిరి అంగడికి పోయే పశువులూ, మేతకు పోయి వచ్చే మందలూ అక్కడే ఆగి తాగేవి. దాన్ని పగలగొట్టి అదే చోట ఫౌంటెన్ కడుతున్నారన్న సంగతి ఆ గొర్రెలకు ఎవరూ చెప్పలేదు. దప్పికైతే కాళ్లు అటే పోయాయి.

"నీళ్లన్న పోయకపోతివి. ట్యాంకరు నీ చేతులనే ఉండె గద."

"పోద్దామనే తెచ్చిన చెల్లె. సారు ఇటు రానియ్యలె. బొమ్మలకు దుమ్ము పట్టింది, ముందుగాల బొమ్మలు కడుగుమన్నడు. ఉన్న ట్యాంకరంత బొమ్మలకే అయిపాయె."

బీరమ్మ అప్పుడు తల ఎత్తింది. "బొమ్మ గొర్లకా?"

"ఆఁ."

"నా గొర్లకు లేని నీళ్లు బొమ్మ గొర్లకు పోసినవు."

ఎర్రదాన్ని ఆమె భుజాలకెత్తుకుంటే గుర్వయ్య ఒక చేయి వేయబోయాడు. "ముట్టకు" అందామె. చచ్చిన గొర్రెను మెడ మీద వేసుకుని, పిల్లను కొంగులో కట్టుకుని, మిగిలిన రెండింటిని ముందు నడిపిస్తూ చౌరస్తా మీదుగానే పోయింది. పరమేష్ ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. ఆమె ఆయన ముఖం వంక నింపాదిగా చూసింది. ఆ ముఖం నలుగురిలో నల్లబడాలి, అది తాను కళ్లారా చూడాలి. అంతకు తక్కువైతే తన కడుపుమంట చల్లారదని ఆమెకు అక్కడే తెలిసిపోయింది.

మరునాడు మందను పక్క చెలక జానమ్మ బోరు దగ్గర వదిలి, పొద్దున్నే మళ్లీ చౌరస్తాకు వచ్చింది.

గట్లపేట మున్సిపాలిటీ అయిన దగ్గర్నుంచి ఊరికి అందం పిచ్చి పట్టుకుంది. బస్టాండు ముందు 'ఐ లవ్ గట్లపేట' అని మనిషెత్తు ఎర్ర అక్షరాలు నిలబెట్టారు. బడి గోడల మీద నెమళ్లు వేశారు. అంగడి చౌరస్తాకు మాత్రం గొర్రెల కాపరుల బతుకు చూపించే బొమ్మలు కావాలన్నారు. మాఘమాసంలో పట్నం నుంచి బొమ్మలు చేసే ఆయనొకడు వచ్చి, తొట్టిలో నీళ్లు పోస్తున్న బీరమ్మను ఫోటోలు తీసుకున్నాడు. బకెట్టు బాగాలేదు, కుండ పట్టుకొమ్మన్నాడు. గొర్రెలకు కుండతో నీళ్లెవరు పోస్తారయ్యా అని ఆమె నవ్వింది. అప్పుడు నవ్వినందుకు ఇప్పుడు ఒళ్లు మండింది.

పరమేష్ ఆమెను చూసి, ఏ కళనున్నాడో, నవ్వుముఖంతో పిలిచాడు. బొమ్మల చుట్టూ కట్టిన పచ్చ పరదా కొస పైకెత్తి, "చూడు, ఎవరో గుర్తుపట్టు" అన్నాడు.

తనే. ఫైబరుతో చేసిన తను. చీర కుచ్చిళ్లు సరిగ్గా ఉన్నాయి, ముక్కుపుడక ఉంది. చంకలో కుండ వంచి పట్టుకుని ఉంది. కుండ మూతిలోంచి సన్న పైపు తొంగి చూస్తోంది. కింద మోకాలెత్తు గోడతో గుండ్రటి హౌజు. హౌజు అంచున ఐదు తెల్ల గొర్రెలు, ఒళ్లంతా ఉంగరాల బొచ్చుతో, ఎప్పుడూ ఎండ మొహం చూడనట్టు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మన నల్ల గొర్రెల జాతి ఒక్కటి లేదు.

"నిన్నే పెట్టినం గద. ఇగ ఊరంత నీ పక్కన నిలబడి ఫోటోలు దిగుతరు. ఇంకేం గావాలె?"

"తొట్టి గావాలె సారూ" అంది బీరమ్మ. "గింత పక్కకన్న కట్టియ్యుండ్రి. సూడి గొర్లు ఉన్నయి. మా ఆయన గట్టివాటిని తోలుకొని హుజూర్‌నగర్ దిక్కు పొలాలల్ల ఎరువుకు మంద పెట్టవోయిండు. ఈ నలభై ఆరింటిని తోలుకొని నేను మేత కాడినుంచి నీళ్లకు రెండు కోసులు నడువలేక సస్తున్న. మొన్న దొడ్లె ఏసిన ఎర్రది సచ్చిపాయె. పిల్ల గూడ పాయె."

పరమేష్ పరదా కొస వదిలేశాడు. "ఒక గొర్రె పోతే ఇంకోటి ఈనుతది. దానికి నన్నేం జేయమంటవ్? ఇది ఊరు కాదమ్మా, పట్టణం. చౌరస్తాల పేడ, గొర్ల పెంటికలు, దోమలు... గవన్నీ పోవాల్ననే గద గింత అందంగ కడుతున్నం. శుక్కురారం పది గంటలకు ఓపెనింగు. చైర్‌పర్సన్ మేడం వస్తది, పేపరోళ్లు వస్తరు. ఆనాడు ఈ రోడ్డు మీద ఒక్క గొర్రె కనబడ్డా సరే, మందకు మందను దొడ్లె ఏయిస్త. యాది పెట్టుకో."

"యాది పెట్టుకుంట సారూ" అంది బీరమ్మ. అంత బుద్ధిగా చెప్పేసరికి ఆయన తృప్తిపడ్డాడు.

ఆమె వెంటనే వెళ్లలేదు. గుర్వయ్య హౌజు పక్కన కూర్చుని మోటారు వైర్లకు టేపు చుట్టే కరెంటు మనిషికి చేయందిస్తున్నాడు. దొడ్డి దగ్గర జరిగినదానికి ఇంకా ముఖం చెల్లక, ఆమె ఏమడిగినా చెప్పేలా ఉన్నాడు.

"ఎన్ని నీళ్లు పడ్తయన్నా ఈ హౌజుల?"

"ఎక్కువ పట్టయి. రెండు డ్రమ్ములు. గా నీళ్లే కుండలనుంచి పడి, మోటరుతోని మళ్ల కుండలకే ఎక్కుతుంటయి. సూసేటందుకు దండిగ కనబడ్తది గంతే."

"నీళ్లు తక్కువైతే?"

"మోటరు గాలి పడ్తది. గుర్రుగుర్రుమని ఆగిపోతది, ఇంకొంచెం సేపైతే కాలిపోతది. గందుకే సారు దినాం సూసుకో, సూసుకో అని పానం తీస్తున్నడు."

హౌజు చుట్టూ సోకు కోసం ఇత్తడి రంగు గొలుసులు కట్టారు. మనుషులు దాటకుండా ఆగుతారేమో గానీ, గొర్రె తల వంచకుండానే వాటి కిందుగా పోతుంది. బీరమ్మ గొలుసు ఎత్తును కర్రతో కొలిచింది. హౌజు గోడ ఎత్తును కొలిచింది. పగిలిన తొట్టి కన్నా జానెడు తక్కువే. ఎండాకాలం దప్పికగొన్న గొర్రె ఒక్కోటి ఎంత తాగుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండు డ్రమ్ములు నలభై ఆరు మూతులకు ఎంతసేపు? చైర్‌పర్సన్ మేడం మీట నొక్కాలి, కుండలోంచి నీళ్లు పడాలి, చప్పట్లు కొట్టాలి. అప్పుడు బొమ్మ గొర్రెల మధ్యలో అసలు గొర్రెలు వచ్చి హౌజు అడుగు నాకేయాలి. పేపరు వాళ్ల ముందు కుండ గుర్రుమని ఎండిపోవాలి. పరమేష్ ముఖం ఎటు పెట్టుకుంటాడో చూడాలి.

ఇంటికి పోయే దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగి కల్లుప్పు పది కిలోలు తీసుకుంది.

గొర్రెలకు వారానికోసారి ఉప్పు పెట్టడం కొత్తేం కాదు. పలక రాళ్ల మీద చిటికెడు చిటికెడు జల్లితే నాలుకలు గరగరలాడిస్తూ నాకి, తర్వాత తృప్తిగా నీళ్లు తాగి నీడన పడుకుంటాయి. బుధవారం సాయంత్రం బీరమ్మ జానమ్మ బోరు దగ్గర మందకు కడుపునిండా నీళ్లు తాపింది. అదే ఆఖరు. గురువారం పొద్దున తన ఇంటి దొడ్లో రాళ్ల మీద చిటికెలతో కాదు, దోసిళ్లతో ఉప్పు పోసింది. రాళ్లు సరిపోలేదు. పందిరికి ఒక రేకు తొట్టి వేలాడుతోంది గానీ దాన్ని దింపలేదు. వానాకాలం గిట్టలు చెడినప్పుడు పశువుల డాక్టరు ఇచ్చిన మైలుతుత్తం నీళ్లలో గొర్రెలను నడిపించేది అందులోనే. రెండేళ్ల కింద ఒక పిల్ల ఆ నీలపు నీళ్లు నాలుగు గుక్కలు తాగి మూడోనాడు పచ్చగా పారుకుంటూ చచ్చిపోయింది. ఎంత కడిగినా ఆ రేకులో తిండి పెట్టకూడదని బీరమ్మ నియమం. గంప బోర్లించి దాని మీద ఉప్పు పోసింది.

మందకు ముంగలి బొల్లి. నల్ల ముఖం మీద తెల్ల మచ్చ, బరువైన కడుపు. ఇంకో పది రోజుల్లో ఈనుతుంది. అది ముందు నడిస్తే మిగిలినవన్నీ వెనక నడుస్తాయి. రాళ్ల మీది ఉప్పు అయ్యాక అలవాటుగా వచ్చి బీరమ్మ చేయి నాకింది. నాకి నాకి, ముఖం ఎత్తి ఆమె వంక చూసింది. బకెట్టు కోసం.

"రేపు" అంది బీరమ్మ. "రేపు మస్తుగ తాగుదువు. నీ ఎర్రదాని పేరు మీద తాగుదువు."

మధ్యాహ్నం దాటేసరికి మంద అరుపులు మొదలుపెట్టింది. పక్క చెలకలోంచి జానమ్మ వచ్చింది. పెద్దమనిషి, బీరమ్మకు వరసకు అక్క. రాళ్ల వంకా, గంప వంకా చూసి సంగతి గ్రహించింది.

"బుద్ధి ఉన్నదా నీకు? గీ ఎండకు నీళ్లు బంద్ పెడ్తవా? ఆయన మీద పగ ఉంటే ఆయన మీద తీర్సుకోరాదు. వీటిమీద ఎందుకే?"

"ఆయన పగ లేకున్నా నా గొర్ల మీదనే పడ్డడు గదక్కా."

"ఆయనకు అవి గొర్లు. నీకు?"

బీరమ్మ గంప మీద చెదిరిన ఉప్పు దగ్గరికి సర్దింది. జానమ్మ రెండు నిమిషాలు నిలబడి, "బోరు మోటరు ఆన్ జేసే ఉంచుత. బుద్ధి పుడితే తోలుకరా" అని వెళ్లిపోయింది. బుద్ధి పుట్టలేదు. మొగుడు గాలయ్య హుజూర్‌నగర్ దిక్కునుంచి ఫోన్ చేసి, "సూడియి ఎట్లున్నయే?" అని అడిగితే, "మంచిగనే ఉన్నయి" అని చెప్పింది. వెనక అరుపులు ఆయనకు వినబడకుండా ఫోను అరచేత్తో మూసుకుని మాట్లాడింది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో గొర్రెల విషయంలో మొగునికి ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది.

సాయంత్రం చౌరస్తాకు పోయి చూసొచ్చింది. పరదా ఇప్పుడు నాలుగు దిక్కులా బిగించి కట్టారు. గుర్వయ్య లోపల్నుంచి బయటికి వచ్చాడు. పాత గుడ్డతో వేళ్లు తుడుచుకుంటున్నాడు. గోళ్ల సందుల్లో నీలంగా ఏదో పట్టింది, ఎంత తుడిచినా పోవడం లేదు.

"ఏందన్నా గది?"

"ఏదో మందు. సారు తెచ్చి దండిగ కలుపుమన్నడు. నీళ్లు ఫోటోల మంచిగ కనబడాలెనంట."

"హౌజు నిండ పోసినవా?" అని అడిగింది బీరమ్మ.

"నిండ పోసిన."

అది చాలు అనుకుని వెనక్కి తిరిగింది. వేరే రోజైతే ఆ గోళ్ల రంగు చూడగానే ఆమె అడుగు ఆగిపోయేది. పగ మనిషి కళ్లకు గంతలు కడుతుంది. ఆ పూట ఆమెకు నిండిన హౌజు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదికల్లా మందను అంగడి గోదాము వెనక గోడ నీడకు చేర్చింది. అక్కడినుంచి చౌరస్తా యాభై గజాలు. గోడ కొసన నిలబడితే అంతా కనబడుతుంది. రంగు రంగుల షామియానా, దాని కింద పచ్చ తివాచీ, వరసగా కుర్చీలు, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద గాజు గ్లాసులు. తొట్టి ఉన్న కాలంలో ఏళ్ల తరబడి గిట్టలు తొక్కి తొక్కి అక్కడొక పల్లం పడింది. దాన్ని పూడ్చే తీరిక లేక దాని మీదే తివాచీ పరిచేశారు. పక్కన, రోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడానికి గుర్వయ్య ట్యాంకరు సగం నీళ్లతో సిద్ధంగా ఉంది.

పది అయింది. చైర్‌పర్సన్ రాలేదు. పదిన్నర అయింది. పదకొండు అయింది. గోడ నీడ జానెడు జానెడు తగ్గుతూ పోయింది. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తలలు పెట్టుకుని డొక్కలు ఎగరేస్తున్నాయి. ఇప్పుడు అరవడం కూడా మానేశాయి. బొల్లి నాలుక బయటపెట్టి, బీరమ్మ పక్కన ఉన్న ఖాళీ బకెట్టులో మూతి పెట్టి తీసింది, మళ్లీ పెట్టింది. బీరమ్మ బకెట్టును కాలితో వెనక్కి నెట్టింది. జానమ్మ బోరుకు తోలుకుపోదామా అని ఒక్క క్షణం అనిపించింది. అదే సమయానికి షామియానా కింద పరమేష్ కొత్త చొక్కా వేసుకుని, నవ్వుతూ, పేపరు వాళ్లకు మజ్జిగ గ్లాసులు అందిస్తూ కనబడ్డాడు. మందను కదిలించలేదు.

పదకొండున్నరకు కారు వచ్చింది. చైర్‌పర్సన్ స్నేహలత దిగి గబగబా వచ్చి, ఆలస్యమైందని దండం పెట్టింది. పరదా జారింది. ఆమె మీట నొక్కింది. కుండలోంచి నీళ్లు పడ్డాయి.

ఆ చప్పుడు వినగానే నలభై ఆరు తలలూ ఒక్కసారే లేచాయి. బీరమ్మ అడ్డంగా పెట్టిన కర్ర తీసేసింది.

మంద ఉరికింది. చప్పట్లు కొట్టే చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కుర్చీలు తోసుకుంటూ జనం పక్కకు జరిగారు. "ఎవరివి ఇవి? కొట్టుండ్రి, కొట్టుండ్రి!" అని పరమేష్ అరిచిన అరుపు ఆమె చెవులకు తీయగా తగిలింది. తాను కూడా మంద వెనకే పరుగెత్తుకుంటూ వచ్చింది, ఆయన ముఖం దగ్గర్నుంచి చూద్దామని. బొల్లి గొలుసు కింద నుంచి దూరి, బొమ్మ గొర్రె పక్కన మూతి పెట్టింది. ఒక గుక్క. రెండు గుక్కలు.

అప్పుడు చూసింది బీరమ్మ నీళ్ల రంగు.

ఆకాశం రంగు కాదది. నీళ్లు ఒడ్డున ఆరిన చోట తెల్ల గోడ మీద గీత గీసినట్టు నీలం పట్టు. ఆ పట్టు ఆమె ఎరిగినదే. రేకు తొట్టి అంచున ప్రతి వానాకాలం చూసినదే. గుర్వయ్య గోళ్లు కళ్ల ముందు మెదిలాయి. మూడోనాడు పచ్చగా పారుకుంటూ చచ్చిన పిల్ల మెదిలింది. ఇక్కడ పిల్ల ఒకటి కాదు, నలభై ఆరు చూడి గొర్రెలు, మూడు పూటల దప్పిక మీద ఉన్నవి. ఆ దప్పిక పెట్టింది పరమేష్ కాదు, తానే.

"వద్దు! వద్దే బొల్లీ!" అని బొల్లి మెడ పట్టి గుంజింది. దాన్ని గుంజితే పక్కనుంచి మూడు దూరాయి. వాటిని కాళ్లతో తన్నింది, కర్రతో మూతుల మీద కొట్టింది. జన్మలో గొర్రె మూతి మీద కొట్టని మనిషి. అవి ఆగలేదు. ఆపడానికి ఆమెకు మిగిలిన దారి ఒక్కటే. పరుగెత్తుకెళ్లి ట్యాంకరు ఇనుప పొట్ట మీద కర్రతో కొట్టింది. మూడు దెబ్బలు. మళ్లీ మూడు. మళ్లీ మూడు.

"గుర్వయ్యన్నా! తిప్పు! నీళ్లిడువు! గది మైలుతుత్తం, గొర్లు సస్తయి!"

గుర్వయ్య ఒక్కసారి పరమేష్ వంక చూశాడు. తర్వాత చూడలేదు. ట్యాంకరు వెనక్కి ఉరికి గేటువాల్వు పూర్తిగా తిప్పేశాడు.

నీళ్లు దూకి, రోడ్డు వాలున పారి, పచ్చ తివాచీ మీదకు ఎక్కి, దాని కిందున్న పాత పల్లంలో నిలిచాయి. వెనక ఉన్న గొర్రెలు ముందు తిరిగాయి. పుట్టినప్పట్నుంచీ విన్న చప్పుడు, కాలి కింద చల్లని నీళ్లు. అవి తిరిగితే మధ్యలోవి తిరిగాయి. హౌజు అంచున పెనుగులాడుతున్న నాలుగింటిని బీరమ్మ చెవులు పట్టి ఈడ్చుకొచ్చింది. కుర్చీల కాళ్ల మధ్య, బల్ల కింద, మంద మోకాళ్లు వంచి తాగింది. షామియానా కింద ఆ తాగుడు చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

పరమేష్ బురదలో కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. కొత్త చొక్కా మీద బురద పడింది. "మేడం, గీమె కావాల్ననే చేసింది మేడం. మొన్ననే వార్నింగిచ్చిన. ఇప్పుడే మందనంత దొడ్లె ఏయిస్త."

స్నేహలత చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. ఆమె చూపు గొర్రెల మీద ఉంది. "ముందుగాల మందను తోలుకొచ్చినవు, మళ్ల నువ్వే కొట్టి గుంజినవు. అన్ని నీళ్లు పెట్టుకొని బురద నీళ్లు తాపుతున్నవు. ఏందమ్మా ఇదంత?"

బీరమ్మకు రొప్పు ఆగలేదు. మాటతో చెప్పకుండా బల్ల మీది గాజు గ్లాసు ఒకటి తీసుకుంది. హౌజు దగ్గరికి పోయి ముంచింది. గాజులోకి వచ్చేసరికి ఆ రంగు ఇంకా బాగా తేలింది. తెచ్చి పరమేష్ ముందు పట్టింది.

"సారూ, ఒక్క గుక్కెడు తాగుండ్రి."

"ఏయ్, ఏందిది?"

"మీరు తెప్పిచ్చిన నీళ్లే సారూ. నా బొమ్మ పోసే నీళ్లు. ఒక్క గుక్కెడు."

పేపరు వాళ్లు దగ్గరికి జరిగారు. జానమ్మ కోడలు నిరోష ఎప్పటినుంచో ఫోను పైకెత్తి పట్టుకుని ఉంది. "అందులో ఏమున్నయి పరమేష్?" అని స్నేహలత అడిగింది.

"ఏం లేదు మేడం. పాచి పట్టకుండ మామూలు మందు. ఏం కాదు."

"ఏం గాకపోతే తాగుండ్రి సారూ" అంది బీరమ్మ.

పరమేష్ గ్లాసు అందుకున్నాడు. అందుకోకపోతే ఇంకా అధ్వాన్నంగా ఉంటుంది గనక అందుకున్నాడు. నోటి దాకా తీసుకుపోయాడు. గ్లాసు పెదవికి బెత్తెడు దూరంలో ఆగింది. అక్కడే ఉండిపోయింది. ఆయన నుదుటి మీద చెమట కారి కంట్లోకి పోతోంది, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. చుట్టూ ఎవరూ నవ్వలేదు. హౌజు గోడకు ఆనుకుని నీళ్లలో చేతులాడిస్తున్న చిన్న బిడ్డను ఒక తల్లి చటుక్కున ఎత్తుకుని, కొంగుతో ఆ చేతులు తుడవసాగింది. అది చూసి ఇంకో ఇద్దరు తమ పిల్లల కోసం చూశారు.

"సారే దండిగ కలుపుమన్నడు మేడం" అన్నాడు గుర్వయ్య వెనకనుంచి. "ఏం మందో నాకు చెప్పలె."

పరమేష్ గ్లాసును మెల్లగా బొమ్మ గొర్రె వీపు మీద పెట్టాడు. ముఖం మాడిన పెనంలా అయింది. బీరమ్మ కోరుకున్న ముఖం సరిగ్గా అదే. ఆమె దాన్ని తనివితీరా చూసింది. చూస్తూ ఉండగానే వెనకనుంచి బొల్లి దగ్గు వినబడింది.

ఆ సాయంత్రమే హౌజు తోడి పారబోశారు. శనివారం పొద్దున ట్రాక్టరు మీద రెండు సిమెంటు గోలేలు వచ్చాయి. గుర్వయ్య వాటిని పల్లంలో దించి, తానే నీళ్లు పోసి, బీరమ్మ ఇంటికి వచ్చి చెప్పిపోయాడు. పరమేష్‌కు మెమో ఇచ్చారని, సెలవు పెట్టి పోయాడని ఊరంతా చెప్పుకున్నారు. నిరోష తీసిన వీడియో చూడని ఫోను గట్లపేటలో లేదు.

ఆదివారం తెల్లవారుతుండగా బొల్లి ఈనింది. పిల్ల చచ్చి పుట్టింది. నల్లగా, నుదుటి మీద తల్లిలాగే తెల్ల మచ్చతో. పశువుల డాక్టరు వచ్చి బొల్లి కనురెప్ప తిప్పి చూసి, పేడ చూసి, రెండు గుక్కలే గనక మందు ఎక్కలేదని, మూతి పెట్టిన మిగిలినవీ బాగానే ఉన్నాయని చెప్పాడు. "పిల్ల పోయింది నీళ్లు లేకనే" అన్నాడు. "మూడు పూటలు నీళ్లు తాపకుండా ఎవరు పెట్టారమ్మా వీటిని?"

బీరమ్మ చెప్పలేదు. గాలయ్యకు కూడా ఇంకా చెప్పలేదు.

పొద్దెక్కాక నిరోష కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది. డిగ్రీ చదివిన పిల్ల, కలెక్టరుకు ఇచ్చే దరఖాస్తు సగం రాసుకునే వచ్చింది. దొడ్లో బీరమ్మ పక్కన గొంతుకూర్చుని చదివి వినిపించింది. తొట్టి పగలగొట్టడం ఉంది. బందెలదొడ్లో ఎర్రదీ, దాని పిల్లా చావడం ఉంది. కింద కొత్తగా ఒక వరస రాస్తోంది.

"ఫౌంటెన్ నీళ్లు తాగి బొల్లి గొర్రెకు పిల్ల సచ్చి పుట్టింది అని గూడ రాస్తున్న చిన్నత్తా. వీడియోల బొల్లి తాగుడు మంచిగ కనబడుతుంది. ఇది పడ్డదంటే ఆయన నౌకరికే ఎసరొస్తది. మళ్ల ఈ జిల్లాల కనబడడు."

మాట నిజమే. ఒక్క వరస. ఆ ఒక్క వరసతో ఆ మనిషి మళ్లీ లేవడు. ఎవరికి తెలుస్తుంది? డాక్టరు చెప్పింది ఆమె ఒక్కతే విన్నది. ఉప్పు ఎప్పుడో అయిపోయింది. నాలుగు రోజుల కింద ఎవరైనా ఈ కాగితం తెచ్చి ఉంటే బీరమ్మ కళ్లకద్దుకునేది. గంప కింద కప్పి పెట్టిన చచ్చిన పిల్ల వంక చూసింది. దాని పక్కన పలకరాయి గరుకులో ఇంకా నాలుగు ఉప్పు రవ్వలు మెరుస్తున్నాయి.

"ఎర్రదాన్ని ఆయన మీద రాయి" అంది. "దాని పిల్లను గూడ రాయి. పెద్ద పెద్ద అచ్చరాలల్ల రాయి. తొట్టి పలగ్గొట్టింది రాయి."

"మరి ఇది?"

"గిది రాయకు. గిది నేను జేసింది."

నిరోష పెన్ను ఆగింది. చిన్నత్త ముఖం చూసి, ఏమీ అడగకుండా ఆ వరస కొట్టేసింది. బీరమ్మ కాగితం మోకాలి మీద పెట్టుకుని, తనకు వచ్చిన నాలుగక్షరాలూ కూడబలుక్కుని, సంతకం చేసింది.

తర్వాత బకెట్టు నింపి దొడ్లో దించి, కర్రతో మూడు దెబ్బలు కొట్టింది. మంద తోసుకుంటూ వచ్చింది. బొల్లి మాత్రం గోడవార నిలబడి చూస్తోంది, అడుగు కదపలేదు. బీరమ్మ ఇంకోసారి కొట్టలేదు. మిగిలినవి తాగాక బకెట్టు మళ్లీ నింపుకుని, తానే దాని దగ్గరికి నడిచింది.